సౌర ఘటాలలో కాంతిశోషక ఖనిజాలు

కాంతిశోషక ఖనిజాలు అనగా సూర్యకాంతిని పీల్చుకొని, ఆ శక్తితో తమలోని ఎలక్ట్రానులను కదిలించగల సహజ ఖనిజాలు. ఇనుప ఖనిజమైన హెమటైట్, ఇనుము-గంధకాల సమ్మేళనమైన పైరైట్, సీసపు ఖనిజమైన గెలీనా, రాగి ఖనిజాలైన చాల్కోపైరైట్, క్యూప్రైట్ ఇందుకు ఉదాహరణలు. ఇవన్నీ అర్ధవాహకాలు. సూర్యకాంతిని నేరుగా విద్యుత్తుగా మార్చే సౌర ఘటాల (సోలార్ సెల్) తయారీలో సిలికాన్‌కు బదులుగా వీటిని గాని, వీటిని పోలిన కృత్రిమ పదార్థాలను గాని వాడవచ్చునా అనే విషయంపై అనేక దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి.

ఆంధ్ర ప్రదేశ్‌లోని విశాఖపట్నం ఈ ఖనిజాలలో కొన్నింటికి ప్రధాన కూడలి. హెమటైట్ ఇక్కడి ఓడరేవు నుండి ఎగుమతి అవుతుంది, ఉక్కు కర్మాగారంలో ముడిసరుకుగా వాడబడుతుంది. ఇల్మనైట్, రూటైల్ ఖనిజాలు ఇక్కడి సముద్రతీరపు ఇసుకలో ఉన్నాయి. అయితే ఒక ఖనిజం సమృద్ధిగా దొరకడం, కాంతిని బాగా పీల్చుకోవడం అనే రెండు గుణాలు ఉన్నంత మాత్రాన అది మంచి సౌర ఘటం కాజాలదు. పీల్చుకొన్న శక్తిని నష్టపోకుండా బయటకు తీయగలగడమే అసలు సమస్య.

== పని చేసే విధానము ==

సూర్యకాంతి ఫోటాన్లు అనే శక్తికణాల రూపంలో భూమిని చేరుతుంది. అర్ధవాహకంలో ఎలక్ట్రానులు సాధారణంగా సంయోజక పట్టీ అనే శక్తిస్థాయిలో బంధింపబడి ఉంటాయి. వాటికి పైన వహన పట్టీ ఉంటుంది. ఈ రెండింటి మధ్యనున్న ఖాళీని శక్తి అంతరం (బ్యాండ్ గ్యాప్) అంటారు. దీనిని ఎలక్ట్రాన్ వోల్టులలో కొలుస్తారు. శక్తి అంతరం కంటే ఎక్కువ శక్తి గల ఫోటాన్ తగిలినపుడు ఒక ఎలక్ట్రాన్ పైపట్టీకి చేరుతుంది. దాని స్థానంలో ధనావేశంలా ప్రవర్తించే ఒక "రంధ్రం" ఏర్పడుతుంది.

1240ని శక్తి అంతరంతో భాగిస్తే, ఆ పదార్థం పీల్చుకోగల అత్యధిక తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో వస్తుంది. ఉదాహరణకు హెమటైట్ శక్తి అంతరం సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. కనుక అది దాదాపు 590 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను, అనగా ఊదా, నీలం, ఆకుపచ్చ, పసుపు కాంతులను పీల్చుకొని ఎరుపును వదిలివేస్తుంది. తుప్పు, ఎర్రమట్టి, జేగురు ఎర్రగా కనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

సౌర ఘటంలో మూడు పనులు వరుసగా జరగాలి.
* శోషణ: కాంతిని పీల్చుకొని ఎలక్ట్రాన్-రంధ్రం జంటను పుట్టించడం.
* విభజన: ఆ రెండూ తిరిగి కలిసిపోక ముందే వాటిని వేరుచేయడం.
* సేకరణ: వేరైన ఆవేశాలను ఘటపు రెండు కొసలకూ చేర్చడం.

శక్తి అంతరం మరీ తక్కువైతే వోల్టేజి తగ్గిపోతుంది. మరీ ఎక్కువైతే సూర్యకాంతిలో అధికభాగం వృథా అవుతుంది. 1961లో విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ వేసిన లెక్క ఆధారంగా, ఒకే పదార్థంతో చేసిన ఘటానికి గరిష్ఠ సామర్థ్యం సుమారు 33 శాతం. ఇందుకు అనువైన అంతరం 1.1 నుండి 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య ఉంటుంది.

== చరిత్ర ==

కాంతి వలన విద్యుత్తు పుట్టడాన్ని 1839లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ గుర్తించాడు. భారతదేశంలో జగదీశ్ చంద్ర బోసు గెలీనా స్ఫటికంతో విద్యుదయస్కాంత తరంగాలను పసిగట్టే సాధనాన్ని తయారుచేశాడు. దానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. ఈ స్ఫటికం కాంతికి కూడా స్పందిస్తుందని ఆయన గమనించాడు. సహజ ఖనిజాన్ని అర్ధవాహక సాధనంగా వాడిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో సుమారు 6 శాతం సామర్థ్యం గల సిలికాన్ సౌర ఘటం తయారైంది. అప్పటి నుండి సిలికాన్‌దే పైచేయి. 1972లో జపాను శాస్త్రవేత్తలు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా టైటానియం డయాక్సైడుపై కాంతిని ప్రసరింపజేసి నీటిని విడగొట్టవచ్చునని ప్రకటించడంతో ఆక్సైడు ఖనిజాలపై ఆసక్తి పెరిగింది.

== విశాఖపట్నం - ఖనిజాలు ==

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. మధ్య భారతదేశపు మాంగనీసు ఖనిజాన్ని రాయపూర్-విజయనగరం రైలుమార్గం ద్వారా తెచ్చి ఎగుమతి చేయడం దీని తొలి ఉద్దేశాలలో ముఖ్యమైనది. 1960 దశకంలో జపాను సహకారంతో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం నిర్మింపబడిన తరువాత, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బైలడిల్లా కొండల ఇనుప ఖనిజం ఇక్కడికి రావడం మొదలైంది. పెద్ద ఓడలకు వీలుగా బాహ్య నౌకాశ్రయం 1976లో ఏర్పడింది. 1992లో జాతికి అంకితం చేయబడిన విశాఖపట్నం ఉక్కు కర్మాగారానికి కూడా బైలడిల్లా గనులే ముఖ్యమైన ఆధారం.

హిందూస్తాన్ జింక్ సంస్థకు చెందిన జింకు స్మెల్టరు 1977లో ఈ నగరంలో ప్రారంభమై, 2012లో మూతపడింది. జింకు ముఖ్య ఖనిజం స్ఫాలరైట్. పలుచని పొర సౌర ఘటాలకు కావలసిన కాడ్మియం, ఇండియం లోహాలకు ప్రత్యేకమైన గనులు దాదాపుగా లేవు. ప్రపంచమంతటా ఇవి జింకును శుద్ధిచేసేటపుడు ఉపఉత్పత్తులుగానే లభిస్తాయి.

విశాఖపట్నం, భీమునిపట్నం తీరాలలోనూ, ఉత్తరాన శ్రీకాకుళం తీరంలోనూ కనిపించే నల్ల ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, గార్నెట్, జిర్కాన్, సిల్లిమనైట్, మోనజైట్ ఖనిజాలు ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన విభాగానికి చెందిన సి. మహదేవన్ 1950 ప్రాంతంలో విశాఖ తీరపు నల్ల ఇసుకలను అధ్యయనం చేసినవారిలో ముఖ్యుడు. మోనజైట్‌లో థోరియం ఉన్నందున ఈ ఇసుక తవ్వకంపై కేంద్ర ప్రభుత్వ నియంత్రణ ఉన్నది.

విశాఖపట్నం-భీమునిపట్నం రహదారి ప్రక్కనున్న ఎర్రమట్టి దిబ్బల రంగుకు ఇసుకరేణువులపై పూతవలె పేరుకొన్న ఇనుప ఆక్సైడులే కారణం. ఖనిజాలలో జరిగే కాంతి శోషణను కంటితో చూడగలిగే చోటు ఇది.

== ముఖ్యమైన ఖనిజాలు ==

=== హెమటైట్ ===

ఇది ఇనుము, ఆక్సిజన్ల సమ్మేళనం. విషరహితం, చౌక, నీటిలో చెడిపోదు. శక్తి అంతరం సుమారు 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. లభ్యత విషయంలో దీనికి సాటి అయినవి తక్కువ. ఒక చదరపు మీటరు వైశాల్యాన్ని అర మైక్రోమీటరు మందం గల హెమటైట్ పొరతో కప్పడానికి సుమారు 2.6 గ్రాములు సరిపోతుంది. ఈ లెక్కన 60 టన్నుల శుద్ధ హెమటైట్, అనగా దాదాపు ఒక రైలు వ్యాగనులో పట్టే బరువు, సుమారు 23 చదరపు కిలోమీటర్లకు సరిపోవాలి.

కాని దీనిలో పెద్ద లోపం ఉన్నది. కాంతి హెమటైట్‌లో వంద నానోమీటర్లకు పైగా లోపలికి పోతుంది. అక్కడ పుట్టిన రంధ్రాలు మాత్రం రెండు నుండి నాలుగు నానోమీటర్ల దూరం ప్రయాణించే లోపే ఎలక్ట్రానులతో కలిసిపోతాయి. అందువలన పీల్చుకొన్న శక్తిలో అధికభాగం వేడిగా మారుతుంది. ఈ లోపాన్ని అధిగమించడానికి హెమటైట్‌ను అతి సన్నని పొరలుగా, సూక్ష్మమైన కడ్డీలుగా పెంచడం, తగరం లేక టైటానియాన్ని కొద్ది మోతాదులో కలపడం వంటి పద్ధతులు అనుసరిస్తున్నారు. ప్రస్తుతం దీనిపై పరిశోధన సౌర ఘటాల కంటే, సూర్యకాంతితో నీటి నుండి హైడ్రోజన్ తీయడంపైనే ఎక్కువగా సాగుతున్నది. అక్కడ కూడా హెమటైట్‌కు బయటి నుండి కొంత వోల్టేజి సాయం అవసరం.

ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసులో హెమటైట్ నుండి ఆక్సిజన్ తొలగింపబడి ఇనుము మిగులుతుంది. లోహానికి శక్తి అంతరం ఉండదు. కనుక ఉక్కు కోసం వాడిన ఖనిజంలో ఈ గుణం పూర్తిగా పోతుంది.

=== పైరైట్ ===

ఇది బంగారంలా మెరిసి చూపరులను మోసగించే ఖనిజం. బొగ్గు పొరలలో మలినంగా కూడా ఉంటుంది. దీని శక్తి అంతరం 0.95 ఎలక్ట్రాన్ వోల్టులు. కాంతిని అత్యంత బలంగా పీల్చుకొంటుంది. సిలికాన్ ఘటానికి సుమారు 150 మైక్రోమీటర్ల మందం గల బిళ్ళ వాడుతుండగా, పైరైట్ 0.1 మైక్రోమీటరు మందంలోనే అధికభాగం కాంతిని పీల్చుకోగలదు.

2009లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సైరస్ వాడియా, పాల్ అలివిసాటోస్, డేనియల్ కామెన్ 23 అర్ధవాహక పదార్థాల లభ్యతను, ముడిసరుకు ఖర్చును పోల్చిచూశారు. ఆ పోలికలో పైరైట్ ముందువరుసలో నిలిచింది. అయితే 1980 దశకం నుండి బెర్లిన్‌లో హెల్ముట్ ట్రిబుచ్ బృందం చేసిన ప్రయోగాలలో దీని సామర్థ్యం 2.8 శాతం దగ్గరే ఆగిపోయింది. వోల్టేజి 0.2 వోల్టులను మించకపోవడం ఇందుకు కారణం. స్ఫటికపు ఉపరితలంపై గంధకపు పరమాణువులు లోపించడం వలన ఆవేశాలు అక్కడే నష్టమవుతున్నాయని పరిశోధకులు భావిస్తున్నారు.

=== గెలీనా ===

ఇది సీసం, గంధకాల సమ్మేళనం. కళ్ళకు పెట్టుకొనే సుర్మా తయారీలో అనాదిగా వాడబడింది. ఆంధ్ర ప్రదేశ్‌లో పల్నాడు ప్రాంతంలోని అగ్నిగుండాల ఖనిజ మండలంలో, బండ్లమోటు వద్ద ఇది లభిస్తుంది. శక్తి అంతరం సుమారు 0.4 ఎలక్ట్రాన్ వోల్టులే కనుక రాయిగా ఉన్న గెలీనా సౌర ఘటానికి తగదు. అయితే దానిని కొన్ని నానోమీటర్ల పరిమాణం గల రేణువులుగా తయారుచేస్తే శక్తి అంతరం పెరుగుతుంది. ఇటువంటి "క్వాంటం డాట్" ఘటాలు ప్రయోగశాలలలో 10 శాతానికి పైగా సామర్థ్యం సాధించాయి. సీసం విషపదార్థం కావడం దీని ముఖ్యమైన లోపం.

=== ఇల్మనైట్, రూటైల్ ===

ఇల్మనైట్ ఇనుము, టైటానియంల ఆక్సైడు. దీని నుండి, రూటైల్ నుండి తీసే టైటానియం డయాక్సైడు తెల్లని పొడి. రంగుల (పెయింట్ల) పరిశ్రమలో ఎక్కువగా వాడతారు. దాని శక్తి అంతరం 3.0 నుండి 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అందుచేత అది అతినీలలోహిత కిరణాలను తప్ప కంటికి కనిపించే కాంతిని పీల్చుకోదు. తెల్లగా ఉండటానికి కారణం కూడా ఇదే.

శోషకంగా పనికిరాకపోయినా ఈ పదార్థం సౌర ఘటాలలో మరొక పని చేస్తుంది. 1991లో బ్రయన్ ఓరీగన్, మైకేల్ గ్రాట్జెల్ టైటానియం డయాక్సైడు సూక్ష్మరేణువులకు రంగుపదార్థాన్ని పట్టించి చౌకైన ఘటాన్ని తయారుచేశారు. కాంతిని పీల్చుకొనేది రంగు, ఎలక్ట్రానులను అందుకొని మోసేది టైటానియం డయాక్సైడు. తీరపు ఇసుకలోని ఖనిజాలకు సౌర ఘటాలతో గల సంబంధం ఈ విధమైనది.

=== రాగి ఖనిజాలు ===

ఆయుర్వేద రసశాస్త్రంలో స్వర్ణమాక్షికం అని పేర్కొనే చాల్కోపైరైట్ రాగి, ఇనుము, గంధకాల సమ్మేళనం. అగ్నిగుండాల మండలంలోని నల్లకొండ, ధూకొండల వద్ద ఇది లభిస్తుంది. సహజ చాల్కోపైరైట్ శక్తి అంతరం చాలా తక్కువ. అదే స్ఫటిక నిర్మాణంలో ఇనుముకు బదులు ఇండియం, గాలియం లోహాలను, గంధకానికి బదులు సెలీనియంను అమర్చితే చక్కని శోషక పదార్థం తయారవుతుంది. ఈ ఘటాల సామర్థ్యం 23 శాతం దాటింది.

ఇండియం అరుదైనది, ఖరీదైనది. దాని స్థానంలో జింకు, తగరం వాడితే కెస్టరైట్ ఏర్పడుతుంది. ఇది రష్యాలోని యాకూతియాలో ఉన్న కెస్టర్ అనే చోటి పేరుతో పిలువబడే సహజ ఖనిజం. శక్తి అంతరం సుమారు 1.5 ఎలక్ట్రాన్ వోల్టులు. సెలీనియం కూడా కలిపిన ఈ తరహా ఘటంతో ఐబిఎం పరిశోధకులు 2013లో 12.6 శాతం సామర్థ్యం సాధించారు.

=== పెరోవ్‌స్కైట్ ===

కాల్షియం, టైటానియంల ఆక్సైడు అయిన ఈ ఖనిజాన్ని 1839లో గుస్తావ్ రోజ్ ఉరల్ పర్వతాల రాళ్ళలో గుర్తించి, రష్యాకు చెందిన లెవ్ పెరోవ్‌స్కీ పేరు పెట్టాడు. ప్రస్తుతం బాగా వినిపించే "పెరోవ్‌స్కైట్ సౌర ఘటం"లో ఈ ఖనిజం ఉండదు. దాని స్ఫటిక నిర్మాణాన్ని పోలిన, సీసం, అయొడిన్ వంటివి గల కృత్రిమ పదార్థం ఉంటుంది. 2009లో జపానులో త్సుతోము మియసాక బృందం దీనితో 3.8 శాతం సామర్థ్యం సాధించింది. ఇప్పుడది 26 శాతం దాటింది. తేమకు, వేడికి త్వరగా చెడిపోవడం దీని ప్రధాన సమస్య.

== ఖనిజాల పోలిక ==

క్రింది అంకెలు సుమారు విలువలు. మొదటిది శక్తి అంతరం (ఎలక్ట్రాన్ వోల్టులలో), రెండవది శోషించగల అత్యధిక తరంగదైర్ఘ్యం (నానోమీటర్లలో). పోలిక కొరకు సిలికాన్ కూడా ఇవ్వబడినది.

* గెలీనా: 0.4, 3100
* పైరైట్: 0.95, 1300
* సిలికాన్: 1.12, 1107
* కెస్టరైట్: 1.5, 830
* క్యూప్రైట్: 2.1, 590
* హెమటైట్: 2.1, 590
* రూటైల్: 3.0, 413

== సహజ ఖనిజాన్ని నేరుగా వాడలేకపోవడానికి కారణాలు ==

శుద్ధమైన హెమటైట్‌లో ఇనుము 70 శాతం ఉంటుంది. 65 శాతం ఇనుము గల ఖనిజాన్ని ఉక్కు పరిశ్రమలో మేలురకంగా లెక్కిస్తారు. అనగా మేలురకం ఖనిజంలో కూడా సుమారు 7 శాతం సిలికా, అల్యూమినా వంటి ఇతర పదార్థాలు ఉంటాయి. సౌర ఘటాలకు వాడే సిలికాన్ 99.9999 శాతం లేదా అంతకు మించి శుద్ధంగా ఉండాలి. ఒక పరిశ్రమకు శ్రేష్ఠమైన సరుకు మరొక పరిశ్రమకు మురికి సరుకు అవుతుంది.

మలినాలతోపాటు స్ఫటిక లోపాలు, రేణువుల మధ్య హద్దులు, ఒకే గనిలో చోటుచోటుకూ మారే కూర్పు కూడా ఆవేశాలను నష్టపరుస్తాయి. అందువలన గనిలో దొరికిన రాతిని కోసి ఘటంగా అమర్చడం ఆచరణలో సాధ్యపడలేదు. ఖనిజం నుండి మూలకాలను వేరుచేసి, శుద్ధిచేసి, తిరిగి అదే సమ్మేళనాన్ని పలుచని పొరగా పెంచవలసి ఉంటుంది.

సిలికాన్ చరిత్ర కూడా ఇటువంటిదే. పలుగురాయి, అనగా క్వార్ట్జ్, కాంతిని పీల్చుకోదు. దానిని బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కాల్చి, సిలికాన్‌ను వేరుచేసి, అనేక దశలలో శుద్ధిచేసిన తరువాతనే అది శోషకమవుతుంది. సౌర ఘటం విలువ ముడిరాయి కంటే ఈ శుద్ధి ప్రక్రియలోనే ఎక్కువగా ఉన్నది. ముడిఖనిజాన్ని ఎగుమతి చేసే ప్రాంతాలకు ఈ విషయం ముఖ్యమైనది.

== లభ్యత, పర్యావరణం ==

భూపటలంలో సిలికాన్ సుమారు 28 శాతం, ఇనుము సుమారు 5 శాతం, టైటానియం 0.6 శాతం ఉన్నాయి. కాడ్మియం టెల్యురైడు ఘటాలకు కావలసిన టెల్యూరియం దాదాపు బంగారమంత అరుదైనది. కాడ్మియం, సీసం విషలోహాలు. వాటితో చేసిన ఫలకాలను వాడకం ముగిసిన తరువాత తిరిగి సేకరించి శుద్ధిచేయవలసి ఉంటుంది. ఇనుము, రాగి, జింకు, తగరం, గంధకం వంటి సమృద్ధమైన మూలకాలతో శోషకాలను తయారుచేయాలనే ప్రయత్నం ఈ కారణంగానే కొనసాగుతున్నది.

== ప్రకృతిలో ఖనిజ పూతలు ==

2019లో చైనాలోని పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన అన్హువాయ్ లు బృందం ఎండ తగిలే రాళ్ళ ఉపరితలాలపై ఏర్పడే ఇనుము, మాంగనీసు ఆక్సైడుల పలుచని పూతలను పరిశీలించింది. కాంతి పడినపుడు ఈ పూతలలో స్వల్పమైన విద్యుత్ ప్రవాహం పుడుతున్నట్లు వారు కనుగొన్నారు. ఎండ తగలని వైపున ఇటువంటి పూతలు అంతగా కనిపించలేదు. ఈ ప్రవాహం విద్యుదుత్పత్తికి చాలదు. అయినా నేలలో జరిగే రసాయన మార్పులలో దీనికి పాత్ర ఉండవచ్చునని భావిస్తున్నారు.

== విశాఖపట్నంలో సౌర విద్యుత్తు ==

నగరంలోని ముడసర్లోవ జలాశయంపై 2018లో 2 మెగావాట్ల నీటిపై తేలే సౌర విద్యుత్ కేంద్రం ఏర్పాటైంది. 2021లో ఎన్.టి.పి.సి. సంస్థ తన సింహాద్రి తాప విద్యుత్ కేంద్రపు జలాశయంపై 25 మెగావాట్ల తేలే కేంద్రాన్ని ప్రారంభించింది.

ప్రపంచంలో తయారవుతున్న సౌర ఫలకాలలో 95 శాతానికి పైగా సిలికాన్‌తో చేసినవే. ఖనిజ నిర్మాణాలను అనుసరించిన శోషకాలు సిలికాన్‌కు పోటీగా కాక, దానిపై మరొక పొరగా వాడుకలోకి వచ్చే అవకాశం ఎక్కువగా కనిపిస్తున్నది. సిలికాన్‌పై పెరోవ్‌స్కైట్ పొరను చేర్చిన జంట ఘటాలు ప్రయోగశాలలలో 34 శాతానికి పైగా సామర్థ్యాన్ని సాధించాయి. ఒకే పదార్థంతో చేసిన ఘటానికి షాక్లీ, క్వైసర్‌ల లెక్క విధించే పరిమితిని ఇది దాటింది.

== ఇవి కూడా చూడండి ==

* సౌర శక్తి
* అర్ధవాహకము
* హెమటైట్
* విశాఖపట్నం ఓడరేవు
* విశాఖపట్నం ఉక్కు కర్మాగారం
* ఎర్రమట్టి దిబ్బలు
* జగదీశ్ చంద్ర బోసు